పుల్లలచెరువు నుంచి నిట్టనిలువునా

పుల్లలచెరువు నుంచి యర్రగొండపాలెం ఎంత దూరమంటే ఎవరైనా బస్సు దారి లెక్కే చెబుతారు. మలుపులన్నీ తీసేసి పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే 16, 17 కిలోమీటర్లు. అదే స్కేలుతో మార్కాపురం దాదాపు 50, ఒంగోలు దాదాపు 100. ఇప్పుడు ఆ స్కేలును ఊరి నడిబొడ్డున నిలువుగా నిలబెట్టండి. యర్రగొండపాలెమంత ఎత్తుకు వెళ్ళేసరికి మబ్బూ వానా ఉరుమూ అన్నీ కిందే ఉండిపోతాయి, గాలిలో నూటికి 90 వంతులు కూడా. మార్కాపురమంత ఎత్తులో గాలి పీడనం నేల మీద ఉన్నదానిలో వెయ్యో వంతు. ఒంగోలంత ఎత్తు దాటితే అంతరిక్షంలో అడుగు పెట్టినట్టే లెక్క. ఇక్కడి నుంచి హైదరాబాదుకు కూలిపనికి వలసపోయేవాళ్ళు అంతకంటే ఎక్కువ దూరమే పోతారు.

బోర్లు ఎండిపోయి, ఎండాకాలం ట్యాంకరు కోసం ఎదురుచూసే పల్లెలున్న మండలం ఇది. ఇక్కడ గాలి గురించి ఎక్కడ మొదలుపెట్టినా చివరికి నీళ్ళ దగ్గరికే రావాలి. వద్దాం, కాస్త చుట్టు తిరిగి.

గాలికి బరువుందని చదువుకోవడం వేరు, లెక్క కట్టడం వేరు. 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న బడి గదిలో గాలి ఒక క్వింటా పైచిలుకు తూగుతుంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో, గాలిలో తేమ 20 శాతమే ఉండి పెదవులు పగిలిపోతున్నప్పుడు కూడా ఆ గదిలో దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో తిరుగుతూనే ఉంటుంది. ఇక ఆరుబయట ప్రతి చదరపు మీటరు నేల మీదా 10 టన్నుల గాలి నిలబడి ఉంది. మన ఒంట్లోని పీడనం కూడా దానికి సరిపడా ఉండబట్టి మనకు తెలియడం లేదు.

ఈ గాలిని ఆరబెట్టి, ఆవిరి తీసేసి చూస్తే నూటికి 78 పాళ్ళు నత్రజని, 21 పాళ్ళు ఆక్సిజన్. మూడో స్థానం కార్బన్ డయాక్సైడ్‌ది అనుకుంటారు చాలామంది. కాదు, ఆర్గాన్‌ది: 0.93 శాతం. కార్బన్ డయాక్సైడ్ పది వేల భాగాల్లో నాలుగు. నియాన్, హీలియం, మీథేన్, క్రిప్టాన్, హైడ్రోజన్ అంతకన్నా సన్నపు పాళ్ళు. నేల నుంచి 80 కిలోమీటర్ల ఎత్తు వరకూ ముఖ్యమైన పాళ్ళు దాదాపు ఇవే. గాలి పలచబడుతుంది గానీ పాళ్ళు మారవు, ఎందుకంటే కింది గాలీ పై గాలీ నిరంతరం కలగలిసిపోతూ ఉంటాయి.

నత్రజని దగ్గర కాసేపు ఆగాలి. ఒక ఎకరం మెట్ట చేను మీద నిలబడి ఉన్న గాలిలో 30 వేల టన్నులకు పైగా నత్రజని ఉంది. ఆ చేను రైతు మాత్రం యూరియా కోసం వరుసలో నిలబడతాడు. 45 కిలోల యూరియా బస్తాలో ఉన్న నత్రజనిని గాలిలో వెతికితే, 10 అడుగుల పొడవూ వెడల్పూ ఉన్న చిన్న గది నిండా ఉన్న గాలి చాలు. చిక్కంతా ఎక్కడుందంటే, నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మిరపకైనా పత్తికైనా ఆ పట్టు విడదీసే శక్తి లేదు. ఫ్యాక్టరీల్లో నాలుగైదు వందల డిగ్రీల వేడి, వందకు పైగా వాతావరణాల పీడనం పెట్టి విడదీస్తారు. పిడుగు తన దారిలోని గాలిని ఒక్క క్షణంలో వేల డిగ్రీలకు కాల్చి విడదీస్తుంది, అలా పుట్టిన నైట్రేట్లు వానతో పాటు చేలో పడతాయి.

మూడో దారి కందిచేలో ఉంది. వాన కురిసి నేల మెత్తబడినప్పుడు పూతకు రాని కందిమొక్కను జాగ్రత్తగా వేళ్ళతో సహా పెకలించి, మట్టి కడిగి చూడండి. వేళ్ళకు ఆవగింజంత, జొన్నగింజంత బుడిపెలు అంటుకుని ఉంటాయి. ఒకదాన్ని గోటితో చిదిపితే లోపల లేత ఎరుపు. ఆ రంగు మన నెత్తుటికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌కు దాయాదిది. బుడిపెలో కాపురముండే రైజోబియం బాక్టీరియా గాలి నత్రజనిని విడదీస్తుంది. ఆ పనిచేసే ఎంజైముకు ఆక్సిజన్ గిట్టదు, తగిలితే చెడిపోతుంది. అందుకని ఆ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, కావలసినంతే కొద్దికొద్దిగా వదులుతుంది. గాలిలోని రెండు పెద్ద పాళ్ళకూ మధ్య ఇంత తగవు ఒక జొన్నగింజంత చోట తీరుతోంది. పత్తిలోనో మిరపలోనో కందిని అంతరపంటగా వేసిన పెద్దలకు ఈ రసాయన శాస్త్రం తెలియకపోవచ్చు, దాని ఫలితం తెలుసు.

ఆక్సిజన్ మొదటి నుంచీ గాలిలో ఉన్నది కాదు. సముద్రపు నీళ్ళలో సూర్యకాంతితో బతికే సూక్ష్మజీవులు దాన్ని వదలగా వదలగా, సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట గాలిలో నిలవడం మొదలైంది. అలాంటి జీవులు పొరలు పొరలుగా పేర్చిన గుట్టలు రాళ్ళయిపోయి కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు సున్నపురాతిలో నేటికీ కనిపిస్తాయి.

ఆర్గాన్ కథ మార్కాపురానికి ఇంకా దగ్గర. పలక రాయిలో అభ్రకం జాతి ఖనిజాలుంటాయి, వాటిలో పొటాషియం ఉంటుంది. పొటాషియంలో అతి కొద్ది భాగం రేడియోధార్మికం. దానిలో సగం క్షీణించడానికి 125 కోట్ల ఏళ్ళు పడుతుంది. క్షీణించినదానిలో దాదాపు పదో వంతు ఆర్గాన్ అవుతుంది. భూమి మీది గాలిలోని ఆర్గాన్ దాదాపు మొత్తం ఇలా రాళ్ళలో పుట్టి, అగ్నిపర్వతాల ద్వారా, రాళ్ళు శిథిలమవడం ద్వారా బయటపడిందే. అక్షరాలు దిద్దిన మార్కాపురం పలక కూడా, వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ వయసులో, లోపల్లోపల ఆర్గాన్ తయారుచేస్తూనే ఉంది.

హీలియానికి గుంటూరు చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి ఖగోళవేత్త జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ ఏటి పరిశీలనల్లో సూర్యకాంతి వర్ణపటంలో తేలిన పసుపు గీతే హీలియం కనుగొనడానికి దారితీసింది.

గాలిలో ఏది ఎంత ఉందన్న పట్టిక చూస్తే నత్రజనీ ఆక్సిజనే ఆసాములు. ఎండావానల విషయంలో మాత్రం వాటి మాట చెల్లదు. నేల రాత్రంతా పైకి వదిలే వేడిని అవి అడ్డుకోవు, పోనిస్తాయి. పట్టుకునేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి సన్నకారు వాయువులు. మాఘమాసంలో పొడి గాలి, మబ్బులేని ఆకాశం ఉంటే పగటి ఎండ తెల్లారేసరికి ఎటుపోయిందో తెలియకుండా చలి వణికిస్తుంది. శ్రావణమాసంలో గాలి నిండా ఆవిరి ఉంటే రాత్రి రెండింటికి కూడా ఉక్కపోత వదలదు. ఈ వాయువులేవీ లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలకు దిగేది, ఇప్పుడున్నది 15. మితిమీరితే ఏమవుతుందో కూడా చూస్తున్నాం: హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల భాగాల్లో 315 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

ఇక పైకి ఎక్కుదాం. వాతావరణంలో పొరలంటే గోడలు కట్టి ఉండవు. వేడి ఎక్కడ పుడుతుందో దాన్నిబట్టి పొరలు ఏర్పడతాయి.

ఎండ గాలిని చాలావరకు వేడిచేయకుండానే దూసుకొచ్చి నేలను కాలుస్తుంది. నేల తనను అంటుకుని ఉన్న గాలిని కాలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న మాట ఊరికే రాలేదు. కాగిన గాలి తేలికై లేస్తుంది. దున్ని వదిలేసిన చేలల్లో మిట్టమధ్యాహ్నం ఎండుటాకుల్నీ ప్లాస్టిక్ సంచుల్నీ తిప్పుకుంటూ లేచే సుడిగాలి అదే. గద్దలు రెక్క ఆడించకుండా గిరికీలు కొడుతూ ఎత్తుకు పోయేదీ దాని మీదే. పైన పీడనం తక్కువ కాబట్టి లేచిన గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించినందుకు చల్లబడుతుంది. పొడి గాలైతే కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పున. ఆవిరి నీరుగా మారుతుంటే ఆ మార్పులో వెలువడే వేడి వల్ల చల్లబాటు తగ్గుతుంది. అంతా కలిపి సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు.

దీనికి ఎదురు దృశ్యం డిసెంబరు తెల్లవారుజామున కనిపిస్తుంది. చలిమంటల పొగ, పొయ్యిల పొగ నిలువుగా లేచి, ఇళ్ళ కప్పుల మీద కొంత ఎత్తుకు వెళ్ళాక ఏదో అడ్డుపడ్డట్టు ఆగి, ఊరంతటి మీదా పలచగా పరుచుకుంటుంది. రాత్రంతా వేడి వదిలేసిన నేల తన పక్క గాలిని చల్లబరిచింది, పైన ఉన్న గాలి ఇంకా వెచ్చగా ఉంది. చల్లని బరువు గాలి కింద, వెచ్చని తేలిక గాలి పైన ఉంటే ఇక కదలిక ఉండదు. పొద్దెక్కి నేల వేడెక్కాక ఆ పొర చెదిరిపోతుంది. సుడిగాలినీ ఈ పొగనూ చూసిన మనిషికి ట్రోపోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్ అనే పేర్లు కొత్త గానీ విషయం కొత్త కాదు. మొదటిది కింద వేడి, పైన చలి ఉండి ఎప్పుడూ కలగలిసిపోయే పొర. రెండోది కింద చలి, పైన వేడి ఉండి నిలకడగా ఉండే పొర. ఫ్రెంచి శాస్త్రవేత్త తైసెరాంక్ ద బోర్ రెండు వందలకు పైగా బెలూన్లు ఎగరేసి, పైకి పోయేకొద్దీ చలి పెరగడం ఒకచోట ఆగిపోతోందని 1902లో ప్రకటించే దాకా అలాంటి పొర ఒకటుందని ఎవరూ అనుకోలేదు.

మన మీద ఆ చోటు 16, 17 కిలోమీటర్ల ఎత్తున ఉంది. ధ్రువాల దగ్గర 8, 9 కిలోమీటర్లకే వస్తుంది. వేడి దేశాల్లో గాలి ఎక్కువ ఎత్తుకు లేస్తుంది, లేచినంతసేపూ చల్లబడుతుంది. అందుకే ఇక్కడ నేల మీద 42 డిగ్రీలుంటే నెత్తి మీద ఆ ఎత్తున మైనస్ 80 నుంచి 85 డిగ్రీలు. ధ్రువాల మీద ఆ హద్దు దగ్గర అంత చలి మామూలుగా ఉండదు. ఉష్ణమండలం మీదే అతి చల్లని గాలి ఉందన్న ఈ వింతను స్పష్టంగా చూపించినవాడు వాతావరణ శాస్త్రవేత్త కె.ఆర్. రామనాథన్, 1929లో. ఆ రోజుల్లో పుణే నుంచీ హైదరాబాదు నుంచీ వదిలిన బెలూన్ల కొలతలను ఆయనే తర్వాత విశ్లేషించాడు.

ఇప్పుడు ఆ పని మనకు సూటిగా దక్షిణాన 300 కిలోమీటర్ల దూరంలో, తిరుపతి దగ్గర గాదంకిలో జరుగుతోంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 130 మీటర్ల పొడవూ అంతే వెడల్పూ ఉన్న మైదానంలో 1024 యాంటెన్నాలు బారులు తీరి ఉంటాయి. పాతకాలపు ఇళ్ళ మీద దూరదర్శన్ కోసం కట్టిన ఏరియల్ జాతివే. 1990ల నుంచి ఆ రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, గాలి కదలికల్లోని సన్నని తేడాల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. మబ్బు లేకపోయినా ఏ ఎత్తున గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంగా లేస్తోందో నిమిషాల మీద చెప్పగలదు.

అది రోజూ చూసే వింతల్లో ఒకటి మన కంటికీ కనిపిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కింది మబ్బులు పడమటి గాలికి తూర్పుగా పరుగెడుతుంటాయి. వాటి సందుల్లోంచి బాగా ఎత్తున ఉన్న దూదిపింజల్లాంటి మబ్బులను కాసేపు కనిపెట్టి చూస్తే అవి ఎదురు దిక్కుకు, పడమరకు పోతుంటాయి. అక్కడ, 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో తూర్పు గాలి వీస్తుంది. దీన్ని గుర్తించి 1958లో లోకానికి చెప్పినవాడు తెలుగువాడు పి. కోటేశ్వరం. వేసవిలో టిబెట్ పీఠభూమి వేడెక్కడంతో దీనికి సంబంధముందని కూడా ఆయన చూపాడు. తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యాడు. నైరుతి రుతుపవనాల గురించి రాసే ఏ పుస్తకమూ ఈ గాలిని వదిలి ముందుకు పోదు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఎందుకు పెద్దగా కనిపించదో నాకు అర్థం కాదు.

మరి వాన సంగతి? నైరుతి రోజుల్లో మన మీది ఆవిరినంతా ఒక్కసారిగా నీరు చేసి దింపితే నేల మీద అయిదారు సెంటీమీటర్ల మందం నిలుస్తుంది. అదంతా ఊరి మీదుగానే పోతుంది. కానీ ఆవిరి ఉంటే చాలదు, గాలి లేవాలి, లేచి చల్లబడాలి. పడమటి కనుమలు ఎక్కుతూ వాన కురిపించేసిన గాలి ఇటువైపు దిగుతుంది. దిగే గాలి కుదించుకుని వేడెక్కుతుంది, మబ్బు ఆరిపోతుంది. నల్లమల ఇవతల మబ్బు పట్టి తేలిపోయే రోజులు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టినప్పుడో, వేసవి చివర నేల వేడికి కారుమబ్బు కమ్మినప్పుడో గానీ గాలి గట్టిగా లేవదు. అలా లేచిన మబ్బు 5 కిలోమీటర్లు దాటాక గడ్డకట్టే చలిలోకి పోతుంది, వడగళ్ళు అక్కడ పుడతాయి. ఇంకా లేచి 16, 17 కిలోమీటర్ల హద్దుకు తగిలితే ఇక ఎక్కలేక, పైభాగం బల్లపరుపుగా విచ్చుకుంటుంది. దూరాన పల్నాడు వైపు కమ్మిన మబ్బులో ఈ ఆకారం ఇక్కడి నుంచి సాయంత్రాలు బాగా కనిపిస్తుంది. డిసెంబరు పొగను ఆపింది ఏదో దీన్ని ఆపిందీ అదే.

ఆ మైనస్ 80 డిగ్రీల హద్దు చేసే అసలు పని వేరే ఉంది. అంత చలిలో ఆవిరి ఆవిరిగా నిలవలేదు. మంచు రేణువులై రాలిపోతుంది. నేల దగ్గర వందకు రెండు మూడు పాళ్ళున్న ఆవిరి ఆ హద్దు దాటేసరికి పది లక్షలకు నాలుగైదు పాళ్ళే మిగులుతుంది. హద్దు పైన గాలి ఎడారి కన్నా ఎన్నో రెట్లు పొడి.

పైకి పోయేకొద్దీ మళ్ళీ వెచ్చబడుతుంది, కారణం ఓజోన్. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అది మింగి వేడెక్కుతుంది. మార్కాపురమంత ఎత్తున, 50 కిలోమీటర్ల దగ్గర, ఉష్ణోగ్రత సున్నా దాకా వస్తుంది. ఇంత పని చేసే ఓజోన్‌ను మొత్తం పోగుచేసి నేల మీది పీడనానికి అదిమితే మన ప్రాంతం మీద 3 మిల్లీమీటర్ల మందం కూడా ఉండదు.

ఈ పొరలోకి హైదరాబాదు నుంచి దారి ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం 1969 నుంచి అక్కడ పనిచేస్తోంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పాలిథిన్‌తో చేసిన వారి బెలూన్ ఒకటి 2014లో 51 కిలోమీటర్లు దాటింది. 2005 ఏప్రిల్‌లో ఎగిరిన మరొకటి 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య గాలిని సీసాల్లో పట్టి తెచ్చింది. సీసాలను చల్లబరచడానికి ద్రవ నియాన్ వాడారు, అదీ గాలిలోంచి తీసిందే. తెచ్చిన గాలిలో హైదరాబాదు సీసీఎంబీ, పుణే శాస్త్రవేత్తలు 12 బాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలను పెంచారు. బాక్టీరియాలో మూడు అంతకుముందు ఎవరూ ఎరగనివి, అతినీలలోహిత కిరణాలను దగ్గరి బంధువుల కన్నా ఎక్కువ తట్టుకునేవి. 2009లో ఇస్రో ప్రకటించిన పేర్లలో ఒకటి బాసిల్లస్ ఆర్యభట. బెలూన్లు దిగేటప్పుడు పల్లెలు హడలిపోవడమూ ఉంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలంలో పెద్ద గుండ్రని యంత్రం దిగితే జనం గుంపులుగా చేరారు. తీరా చూస్తే అది మనుషుల్ని స్ట్రాటోస్ఫియర్‌కు విహారానికి తీసుకెళ్ళాలనుకున్న ఒక స్పెయిన్ కంపెనీ పరీక్షకు పంపిన డబ్బా.

50 పైన మీసోస్ఫియర్. ఓజోన్ చాలనందున మళ్ళీ చలి, మైనస్ 90 దాకా. రాలే చుక్కలు ఎక్కువగా ఈ పొర పైభాగంలో మండిపోతాయి. అవి వదిలిన సోడియం ఆవిరి 90 కిలోమీటర్ల దగ్గర పలచని పొరగా నిలిచి ఉంటుంది, గాదంకి నుంచి లేజరు కాంతితో దాన్నీ కొలిచారు. ఒంగోలంత ఎత్తున పీడనం నేల మీది దానిలో 30 లక్షల్లో ఒక వంతు. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్‌ఎల్‌వీ సుమారు 115 కిలోమీటర్లు దాటాక ఉపగ్రహం మీది కవచాన్ని వదిలేస్తుంది, ఇక గాలి ఒరిపిడికి భయం లేదు గనక. మీసోస్ఫియర్ దాటాక థర్మోస్ఫియర్. ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటినా అణువులు అంత అరుదు కాబట్టి ఒంటికి వేడి తగలదు. సూర్యకిరణాలు అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి, ఆ విద్యుదావేశపు పొర షార్ట్‌వేవ్ రేడియో తరంగాలను కిందికి తిప్పికొడుతుంది. ఒకప్పుడు రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న ప్రతివాళ్ళూ ఆ పొర పుణ్యాన విన్నవాళ్ళే. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు ప్రొఫెసర్ బి. రామచంద్రరావు బృందం 1950లలోనే దాని మీద పరిశోధనలు సాగించింది.

ఆ పైన హద్దు లేదు. మిగిలేవి విడివిడిగా తిరిగే హైడ్రోజన్, హీలియం పరమాణువులు. భూమి చుట్టూ ఉన్న ఈ హైడ్రోజన్ 6,30,000 కిలోమీటర్ల దాకా వ్యాపించి ఉందని సోహో వ్యోమనౌక కొలతల నుంచి 2019లో తేలింది. చంద్రుడు 3,84,000 దగ్గరే ఉన్నాడు. ఆ హైడ్రోజన్‌లో చాలా భాగం, చలి హద్దును ఎలాగో దాటి ఎండ దెబ్బకు విరిగిపోయిన నీటి అణువులది. అది సెకనుకు సుమారు 3 కిలోల చొప్పున భూమిని వదిలి పోతోంది. అదంతా నీటి నుంచే పోతోందనుకుని లెక్క కట్టినా భూమి మొత్తానికి ఏడాదికి నష్టం 0.03 టీఎంసీ. ఆ హద్దు లేక ఆవిరి ఎడాపెడా పైకి పోయి ఉంటే శుక్రగ్రహం గతే పట్టేది, దాని నీళ్ళు అలాగే పోయాయని శాస్త్రవేత్తల అంచనా. మన ఏడాదికి 0.03 టీఎంసీ లెక్కన 215 టీఎంసీల శ్రీశైలం నిండు జలాశయం అలా ఖాళీ కావాలంటే ఏడు వేల ఏళ్ళు పడుతుంది. పశ్చిమ ప్రకాశం ఆశలు పెట్టుకున్న వెలిగొండ ప్రాజెక్టు వాటా 43.5 టీఎంసీలు పోవడానికి పద్నాలుగు వందల ఏళ్ళు. ఆ నీళ్ళు సొరంగం దాటి ఇటు రావడానికి ఎంత పడుతుందన్నది వేరే లెక్క.